గుండెకు చల్లని వైద్యం: మన దానం ఎంత దూరం వెళ్ళాలి?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో వైద్య సహాయ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడాదీ ఈ మైకు ముందుకు వచ్చి చదువుల గురించి చెబుతూ వచ్చాం. స్కాలర్‌షిప్పులు, ఫీజులు, పదో తరగతి ఫలితాలు, ఇవే మా మాటలు. ఈసారి వైద్యం గురించి చెప్పమన్నారు. మేము డాక్టర్లం కాము, పాఠాలు చెప్పుకునేవాళ్ళం. అయినా ఒప్పుకున్నాం. దానికి కారణం ఉంది. రెండేళ్ళ క్రితం మన ఉపసంఘానికి వచ్చిన ఒక దరఖాస్తు మీద మూడు సార్లు కూర్చుని వాదించుకున్నాం. చివరికి సాయం చేశాం. అది ఒకసారితో తీరలేదు, రెండోసారి కూడా చేయవలసి వచ్చింది. అప్పటి నుంచి మసీదు మెట్ల మీద, కలువపువ్వు సెంటరులో టీ కొట్టు దగ్గర ఒక ప్రశ్న వినబడుతూనే ఉంది: “మొదటిసారి ఇచ్చిన డబ్బు వృథా పోయిందటగా మాస్టారూ?” అడగడంలో తప్పు లేదు. జకాత్ సొమ్ము అది. ఒక్కో రూపాయికీ జవాబు చెప్పాలి. ఆ జవాబే ఈ ప్రసంగం.

ముందు ఆ పిల్ల సంగతి చెప్పాలి. పేరు చెప్పం. పెళ్ళి కావలసిన పిల్ల, పైగా పేరుతో మనకు పని లేదు.

ఆ పిల్ల మేము పాఠం చెప్పిన పిల్లే. తండ్రి ఆటో తోలుతాడు. తల్లి ఇంట్లో మిషను కుడుతుంది. చదువులో చురుకు. ఏడో తరగతి నుంచీ అప్పుడప్పుడూ ప్రార్థన వరుసలో నిలబడి ఉన్నట్టుండి కూలబడేది. “గుండె దడదడలాడుతోంది సార్” అనేది. పది నిమిషాలకో అరగంటకో దానంతటదే ఆగిపోయేది. ఆగాక మామూలు మనిషి. రెండుసార్లు అది లెక్కల పరీక్ష రోజునే వచ్చింది. అప్పుడు మేము చేసిన పని దాచుకోకుండా చెప్పాలి. “పుస్తకం తెరిస్తే తగ్గే దడ ఇది” అన్నాం. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. ఆ తరవాత ఏడాదిన్నర పాటు దడ వచ్చిన సంగతి మాకు చెప్పనే లేదు. వచ్చినప్పుడు బల్ల మీద తల పెట్టుకుని పడుకునేది. నిద్రపోతోందని దానికీ తిట్టాం.

ఇంట్లో కథ ఇంకో రకం. దడ వచ్చినప్పుడు వాళ్ళ నానీ దమ్ చేయించిన నీళ్ళు, కుండలోని చల్లని నీళ్ళు, ముఖం మీద గట్టిగా చల్లేది. చాలాసార్లు దడ ఠక్కున ఆగిపోయేది. దాంతో ఇదేదో గాలి సోకడమే అని ఇంట్లో రూఢి అయిపోయింది. ఆసుపత్రులకూ తిప్పారు. కానీ అక్కడికి చేరేసరికి దడ ఉండేది కాదు. ఈసీజీ తీస్తే మామూలుగానే వచ్చేది. రక్తం తక్కువగా ఉందని మాత్రలు ఇచ్చేవారు. అందులో ఎవరినీ తప్పు పట్టలేం. దొంగ వెళ్ళిపోయాక ఇల్లు వెతికితే ఏం దొరుకుతుంది?

తొమ్మిదో తరగతిలో ఒక శనివారం దడ వచ్చి గంట దాటినా ఆగలేదు. మాతో పనిచేసే ఒక చిన్న టీచరమ్మ ఆ పిల్ల మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టబోయింది. అందలేదు, అంత వేగం. వెంటనే స్కూటీ మీద కూర్చోబెట్టుకుని దగ్గరలోని క్లినిక్కు తీసుకువెళ్ళి, దడ ఉండగానే ఈసీజీ తీయించింది. నిమిషానికి 210. మామూలుగా ఆ వయసు పిల్లకు కూర్చున్నప్పుడు నూరు లోపు ఉండాలి. ఆ జానెడు కాగితమే దారి చూపించింది. డాక్టరు చూసి, “ఇది భయం కాదు, గాలి కాదు, నటన కాదు. గుండె కరెంటులో ఉన్న చిన్న లోపం” అన్నారు. మా తల వంగిపోయింది.

గుండెలో కరెంటేమిటి అని మీలో కొందరు అనుకోవచ్చు. గుండె ప్రతి కొట్టుకునీ ఒక చిన్న విద్యుత్ సంకేతం నడుపుతుంది. పై గదుల్లో పుట్టిన ఆ సంకేతం కింది గదులకు వెళ్ళాలంటే మధ్యలో ఒకే ఒక కూడలి ఉంది. దాన్ని ఏవీ నోడ్ అంటారు. మన గోదావరి కాలవల మీద లాకులు ఎలాంటివో అదీ అలాంటిదే. పై నుంచి వచ్చినదాన్ని కాసేపు ఆపి, సమయం చూసి కిందికి వదులుతుంది. కొందరికి పుట్టుకతోనే ఆ లాకు దగ్గర రెండు దారులు ఉంటాయి. ఒకటి వేగంగా పోయేది, ఒకటి నెమ్మదిగా పోయేది. ఎప్పుడో ఒక క్షణాన సంకేతం ఒక దారిన దిగి, రెండో దారిన పైకెక్కి, మళ్ళీ మొదటి దారిన దిగి, గానుగెద్దులా అక్కడక్కడే తిరగడం మొదలుపెడుతుంది. తిరిగినప్పుడల్లా గుండె ఒకసారి కొట్టుకుంటుంది. అదే ఆ దడ. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. చాలామందికి ప్రాణాపాయం ఉండదు గానీ, ఎప్పుడు వస్తుందో తెలియక మనిషి కుంగిపోతుంది.

నానీ చల్లిన నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఆ నీళ్ళు నిజంగానే పని చేశాయి. ముఖానికి చల్లని నీళ్ళు తగిలినప్పుడు మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం మేల్కొని, ఆ లాకును కాసేపు బిగిస్తుంది. గానుగెద్దు ఆగిపోతుంది. ఊపిరి బిగబట్టి ముక్కినా అలాంటి ఫలితమే వస్తుంది. దడ వచ్చినప్పుడు చేసుకొమ్మని డాక్టర్లు కూడా ఇవే నేర్పిస్తారు. ఇమామ్ సాహెబ్ ఈ సంగతి విని ఆ ముసలమ్మతో, “దువా చెయ్యి అమ్మా, ఆసుపత్రికీ తీసుకెళ్ళు. రెండూ ఆయన ఇచ్చిన దారులే” అన్నారు. ఆ మాటతో ఆ ఇంట్లో సగం పని అయింది.

ఇక వైద్యం. మాత్రలతో కొన్నాళ్ళు అదుపులో ఉంచవచ్చు. పూర్తిగా పోవాలంటే ఆ రెండో దారిని మూసెయ్యాలి. ఛాతీ కోయనవసరం లేదు. తొడ మొదట్లో ఉన్న రక్తనాళం గుండా రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న, మెత్తగా వంగే గొట్టాన్ని గుండె దాకా నడిపిస్తారు. దాన్నే కాథెటర్ అంటారు. దాని కొసతో ఆ దారి ఎక్కడుందో వెతికి, అక్కడ ఒక చిన్న చోటును పనిచేయకుండా చేస్తారు.

ఈ వంగే గొట్టానికీ మన పూర్వికులకూ ఉన్న సంబంధం పిల్లలకు చెప్పదగ్గది. ఇబ్న్ సీనా, 1037లో కన్నుమూసిన మహా వైద్యుడు, మూత్రం ఆగిపోయినవారికి వాడే గొట్టాల గురించి రాస్తూ, మెత్తగా, బాగా వంగే పదార్థంతో చేసినవే మేలని చెప్పాడు. సముద్ర జంతువుల తోలును అందుకు ఎంచుకున్నాడు. రోగికి నొప్పి తగ్గాలన్నదే ఆయన ఆలోచన. అంతకు కాస్త ముందు కార్డోబా నగరంలో ఉన్న అల్ జహ్రావీ ముప్పై భాగాల వైద్య గ్రంథం రాశాడు. అందులో చివరి భాగం శస్త్రచికిత్స. అది మొదలయ్యేదే కాల్చి నయం చేసే పద్ధతులతో, అంటే వాతలతో. 1242లో ఇబ్న్ అల్ నఫీస్, రక్తం గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తుల గుండా ఎడమవైపుకు చేరుతుందని రాశాడు. యూరపులో ఆ సంగతి తెలుసుకోవడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది.

ఆ గొట్టం గుండెలోకి వెళ్ళింది మాత్రం 1929లో. జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ డాక్టరు, పైవాళ్ళు వద్దన్నా వినకుండా, తన చేతి నరంలోంచి మూత్రనాళానికి వాడే గొట్టాన్ని తన గుండెదాకా తోసుకుని, అలాగే నడుచుకుంటూ వెళ్ళి ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఆ రోజుల్లో తిట్లు తిన్నాడు. 1956లో మరిద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

దారిని మూయడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి వేడి. గొట్టం కొసకు రేడియో తరంగాల శక్తి పంపి ఆ చోటును కాలుస్తారు. అల్ జహ్రావీ వాతకు ఇది మునిమనవడు అనుకోండి. రెండోది చలి. గడ్డ కట్టించడం. మా ఉపసంఘంలో వాదన వచ్చింది ఈ రెండోదాని మీదే.

చలితో వైద్యం కొత్తదేమీ కాదు. 1850 ప్రాంతంలో ఇంగ్లాండులో జేమ్స్ ఆర్నాట్ అనే వైద్యుడు ఐసులో ఉప్పు కలిపి, ఆ చలిని కణితుల మీద ప్రయోగించాడు. ఐసులో ఉప్పు కలిపితే సున్నా కంటే ఇరవై డిగ్రీల దాకా కిందికి దిగుతుందని మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మన చిన్నప్పుడు పుల్ల ఐసు గడ్డకట్టింది ఆ ఉప్పునీటి తొట్టెల్లోనే. 1960ల మొదట్లో న్యూయార్కులో ఇర్వింగ్ కూపర్ అనే శస్త్రవైద్యుడు ద్రవ నైట్రోజన్‌తో చల్లబడే సన్నని కడ్డీని చేయించి మెదడు జబ్బులకు వాడాడు. ద్రవ నైట్రోజన్ కూడా మనం చూసిందే. గేదెకు సూది వేయించడానికి వెళ్ళినప్పుడు పశువుల ఆసుపత్రిలో మూత తియ్యగానే పొగలు కక్కే క్యాను ఉంటుంది చూడండి, అందులో ఉండేది అదే. సున్నాకు 196 డిగ్రీలు కింద.

కానీ కడ్డీ వేరు, వంగే గొట్టం వేరు. మలుపులు తిరుగుతూ గుండెలోకి పోయే గొట్టం దారి పొడవునా చల్లబడితే రక్తనాళాలు పాడవుతాయి. చలి కొసనే పుట్టాలి. అందుకు వాడే ఉపాయం మన వంటింట్లో ఉన్నదే. గ్యాస్ సిలిండరు నుంచి గ్యాసు జోరుగా పోతే సిలిండరు ఒళ్ళు చెమర్చి చల్లబడుతుంది. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి, అది పక్కనున్నదాన్నుంచి లాక్కుంటుంది. కాథెటర్‌లో నైట్రస్ ఆక్సైడ్ వాడతారు. ఆపరేషన్లలో మత్తుకు వాడే గ్యాసు అదే. దాన్ని ఒత్తిడితో, లోపలున్న సన్నని గొట్టం గుండా కొస దాకా పంపుతారు. కొసలో ఉన్న ఖాళీలోకి చిమ్మగానే అది గ్యాసుగా మారి, అక్కడి వేడిని పీల్చేస్తుంది. ఆ గ్యాసును వేరే దారిన యంత్రం వెనక్కి లాగేసుకుంటుంది. రక్తంలో ఒక్క బుడగ కలవకూడదు. ఎక్కడైనా లీకు ఉందనిపిస్తే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది.

ఇక్కడ అసలు సంగతి వినండి. వేడితో కాల్చినది మళ్ళీ రాదు. చలి అలా కాదు. ముందు ఆ చోటును సుమారు మైనస్ 30 డిగ్రీలకు చల్లబరుస్తారు. ఆ చలికి అక్కడి కణాలు పనిమానేస్తాయి కానీ చనిపోవు. డాక్టరు తెర మీద చూస్తారు. చెడ్డ దారి మూసుకుంటే సరే. పొరపాటున మంచి దారి, అంటే లాకు, నెమ్మదించినట్టు కనిపిస్తే వెంటనే చలి ఆపేస్తారు. ఆ చోటు వేడెక్కి, దాదాపు ఎప్పుడూ మళ్ళీ మామూలుగా పనిచేస్తుంది. అన్నీ సరిగా ఉన్నాయనుకున్నాకే మైనస్ 70, 80 డిగ్రీలకు దించి నాలుగు నిమిషాల పాటు ఉంచుతారు. అప్పుడు కణాల్లో మంచు పలుకులు కట్టి, ఆ చోటు శాశ్వతంగా మూసుకుంటుంది. ఐసుగడ్డకు నాలుక అతుక్కున్నట్టు గొట్టం కొస గుండె గోడకు అతుక్కుంటుంది కాబట్టి, గుండె కొట్టుకుంటున్నా కొస జారిపోదు. మేము పాఠాలు చెప్పేవాళ్ళం కదా, మాకు ఇది పెన్సిలుతో రాసి చూసుకుని తరవాత పెన్నుతో దిద్దినట్టు అనిపించింది.

మరి చలి అంత మంచిదైతే అందరికీ అదే ఎందుకు చేయరు? దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలి. చలికి ఒక లోటు ఉంది. దడ తిరిగి రావడం దీనిలో కాస్త ఎక్కువ. 2010లో ప్రచురించిన సైరానో అనే అధ్యయనంలో ఇదే జబ్బు ఉన్న 509 మందికి కొందరికి వేడితో, కొందరికి చలితో చేశారు. ఆరు నెలల్లో దడ తిరిగి వచ్చినవారు వేడిలో నూటికి 4.4, చలిలో 9.4. లాకు శాశ్వతంగా దెబ్బతిన్నవారు వేడిలో ఒకరు, చలిలో ఒక్కరూ లేరు. లాకు దెబ్బతింటే జీవితాంతం పేస్‌మేకరు పెట్టుకోవాలి. బ్యాటరీ అయినప్పుడల్లా మార్పించుకోవాలి. అరవై ఏళ్ళ మనిషికి అది ఒక లెక్క. పద్నాలుగేళ్ళ పిల్లకు వేరే లెక్క. అందుకే పిల్లల విషయంలో చాలామంది డాక్టర్లు చలివైపు మొగ్గుతారు. ఈ పిల్లకు ఆ చెడ్డ దారి లాకుకు మరీ దగ్గరగా ఉండవచ్చని, చలి అయితే నిశ్చింత అని ఆ డాక్టరు సలహా ఇచ్చారు.

దరఖాస్తు మన ముందుకు వచ్చింది. ప్రభుత్వ వైద్య సేవ పథకం కింద ఎంత వస్తుందో, ఏది రాదో వైద్యమిత్ర దగ్గర రాయించుకు రమ్మన్నాం. వేడి పద్ధతికీ చలి పద్ధతికీ ఉన్న తేడా చిన్నది కాదు. ఆ గొట్టం ఒక్కరికి ఒక్కసారే. ఒక పెద్దాయన అన్నారు: “ఈ డబ్బుతో ఎంతమంది పిల్లల ఫీజులు కట్టొచ్చో ఆలోచించారా?” ఆయన అన్నది తప్పు కాదు. ఆ ఫీజుల కోసం ఏటా ఇదే మైకు ముందు అడిగేది మేమే. ఇంకొకరు అన్నారు: “వేడిది చవక, పైగా తిరిగి రావడం తక్కువ. అదే చేయించండి. నూటికి ఒక్కరికి కూడా కాని ప్రమాదానికి ఇంత భయమా?” అదీ న్యాయమే.

అప్పుడు ఆ తండ్రిని లోపలికి పిలిచాం. రెండూ వివరించి, ఏమంటావని అడిగాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నాడు: “మాస్టారూ, మళ్ళీ వస్తే మళ్ళీ వెళ్దామండి. పాడైపోతే మాత్రం ఎక్కడికెళ్తామండి?”

ఆ మాట విన్నాక మాకు మన అసలు ప్రశ్న కనిపించింది. వేడా, చలా అన్నది డాక్టరు చూసుకునే ప్రశ్న. మళ్ళీ వెళ్ళవలసి వస్తే మనం ఉంటామా అన్నది మన ప్రశ్న. పదిమందిలో ఒకరికి తిరిగి వస్తుందని ముందే తెలిసిన వైద్యానికి ఒక్కసారికే డబ్బిచ్చి చేతులు దులుపుకుంటే, ఆ ఒకరిని నడి వంతెన మీద వదిలేసినట్టే. మూడో సమావేశంలో తీర్మానం రాశాం. మొదటి ప్రయాణానికి డబ్బు ఇస్తూనే, రెండో ప్రయాణానికి సరిపడేది విడిగా తీసి ఉంచాలి. ఏడాది దాకా అవసరం పడకపోతే అది వేరే రోగికి పోతుంది. ఫీజుల ప్రశ్న అడిగిన ఆ పెద్దాయనే ఆ రెండో మొత్తంలో మొదటి వంతు రాశారు. అల్లాహ్ ఆయన కష్టార్జితంలో బర్కత్ ఇవ్వుగాక.

తొమ్మిదో తరగతి అయ్యాక వేసవి సెలవుల్లో చేయించారు. మూడో రోజున ఇంటికి వచ్చేసింది. తొడ మొదట్లో సూది గుచ్చిన మచ్చ తప్ప ఒంటి మీద ఏమీ లేదు. పది నెలలు బాగుంది. ఆ తరవాతి రంజాన్ నెలలో, ఒక సహరీ వేళ, దడ మళ్ళీ వచ్చింది.

పొద్దున్నే బడికి వచ్చి ఆ పిల్ల తిన్నగా మా దగ్గరికే నడిచి వచ్చింది. “సార్, మళ్ళీ వచ్చింది” అంది. మేము ఏం నమ్ముతామో ఏం నమ్మమో అన్న సంకోచం ఆ మొహంలో లేదు. ఒకప్పుడు మేము నవ్వించిన క్లాసులో బల్ల మీద తల పెట్టుకున్న పిల్ల ఈసారి చెప్పింది. మాకు అంతకంటే ఏం కావాలి?

మాత్రలు వాడుతూ పదో తరగతి పరీక్షలు రాసింది. పరీక్షలు అయిన వారానికి రెండోసారి వెళ్ళారు. డబ్బు కోసం ఎవరి గుమ్మమూ ఎక్కలేదు, అది పక్కన ఉంది. మళ్ళీ చలి పద్ధతిలోనే, ఈసారి పక్కపక్కన ఇంకొన్ని చోట్ల కూడా గడ్డకట్టించి చేశారు. ఏడాది దాటింది. అల్‌హందులిల్లాహ్, దడ లేదు. ఇప్పుడు ఇంటరు బైపీసీ రెండో సంవత్సరం.

మరి మొదటిసారి డబ్బు వృథా పోయిందా? మన పిల్లవాడు ఒక సబ్జెక్టు తప్పి సప్లిమెంటరీలో గట్టెక్కితే, ఏడాది పొడవునా కట్టిన ఫీజు వృథా అంటామా? లాకు చెక్కుచెదరకుండా, ఆ పిల్ల గుండె తన కాళ్ళ మీద తాను నిలబడి ఉంది. మనం కొన్నది అది. ఆ ధర రెండు విడతల్లో కట్టాం, అంతే.

ఇంతసేపూ చిన్నపిల్ల సంగతి చెప్పాం. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్ళకూ ఒక మాట. అరవై దాటినవారిలో ఎక్కువగా కనిపించే దడ వేరే ఉంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్. అందులో పై గదులు కొట్టుకోవు, వణుకుతాయి. నాడి పట్టుకుంటే లయ ఉండదు, ఒకటి దగ్గరగా ఒకటి దూరంగా తగులుతుంది. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. అలాంటివారికి పక్షవాతం వచ్చే అవకాశం ఇతరులకంటే ఇంచుమించు ఐదు రెట్లు. 1998లో ఫ్రాన్సులో బోర్డో నగరపు డాక్టరు హైసాగేర్ బృందం, ఈ వణుకు చాలామందిలో ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే రక్తనాళాల మొదట్లో పుడుతోందని చూపించింది. ఆ నాళాల ముఖం దగ్గర గుండ్రంగా గడ్డకట్టించడానికి కాథెటర్ కొసన చిన్న బెలూను పెట్టారు. ఉబ్బితే 28 మిల్లీమీటర్లు. అమెరికా ప్రభుత్వం దానికి 2010 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. 2016లో 762 మందితో జరిగిన పరీక్షలో వేడి, చలి ఫలితాలు ఇంచుమించు సమానంగా తేలాయి. దీనికీ ఒక జాగ్రత్త ఉంది. పక్కనే పోయే, ఊపిరి నడిపే నరానికి చలి తగలవచ్చు. ఆ పరీక్షలో నూటికి 2.7 మందికి తగిలింది. అందుకే డాక్టరు పొట్ట మీద చెయ్యి వేసి ఊపిరి కదలిక చూస్తూ ఉంటారు.

కానీ ఆ బెలూను కంటే ముందు ఈ జబ్బుకు కావలసింది రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్ర, అది మానకుండా వేసుకునే క్రమశిక్షణ. అంతకంటే ముందు, నాడి చూసే ఒక వేలు. మన దేశంలో ఈ వణుకు చాలామందికి కీళ్ళవాతపు జ్వరం వల్ల కవాటాలు పాడై వస్తుంది. ఆ జ్వరానికి మొదలు చిన్నతనంలో వచ్చే గొంతునొప్పి. ఐదు నుంచి పదిహేనేళ్ళ పిల్లల్లో జ్వరంతో గొంతునొప్పి వస్తే డాక్టరుకు చూపించి, రాసిచ్చిన మందు పూర్తిగా వాడించండి. పది రూపాయల పని ఇది. దీన్ని వదిలేసి లక్షల పని దాకా తెచ్చుకుంటున్నాం.

ఇక దాతలకు మా విన్నపాలు నాలుగు.

మొదటిది. మన సొసైటీ ఒక యంత్రం కొని ఏదో ఆసుపత్రికి ఇస్తే బాగుంటుందని కొందరు సూచించారు. రాతిపలక మీద పేర్లు ఉంటాయి, నిజమే. కానీ ఈ యంత్రం ఒంటరిగా ఏమీ చేయదు. గుండె కరెంటు చదవగల డాక్టరు, శిక్షణ పొందిన సిబ్బంది, రోజూ వచ్చే రోగులు ఉన్నచోటే అది బతుకుతుంది. మనం రోగిని అక్కడికి చేర్చుదాం.

రెండోది. దడ వచ్చినప్పుడే ఈసీజీ. మన జమాత్‌లో ఆటోలు నడిపే తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు. దడతో ఎవరు పిలిచినా ముందు దగ్గరలో ఈసీజీ ఉన్న చోటికి తీసుకువెళ్ళండి, ఆ కిరాయి, ఆ ఈసీజీ రుసుము సొసైటీ ఇస్తుంది. కాగితం జాగ్రత్తగా దాచమని చెప్పండి. దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే మాత్రం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

మూడోది. “రెండో ప్రయాణం” పేరుతో ఒక నిధి. ఏ పెద్ద వైద్యానికి సాయం చేసినా అందులో తిరిగి చూపించుకోవడానికి, అవసరమైతే మళ్ళీ చేయించడానికి కావలసినది ముందే పక్కన పెడతాం. జకాత్ హక్కుదారులు ఎవరో ఖురాన్ తొమ్మిదో సూరాలో, అరవయ్యో ఆయతులో స్పష్టంగా ఉంది. కాబట్టి జకాత్ సొమ్ము అర్హులైన రోగుల చేతికే వెళుతుంది. ఈసీజీలకు, ఆటోలకు, అవగాహన పనులకు, మన హిందూ, క్రైస్తవ పొరుగువారికి చేసే సాయానికి సదకా, లిల్లాహ్ సొమ్ము వాడతాం. రెండు లెక్కలు విడివిడిగా ఈ సంచికలోనే అచ్చయ్యాయి. చూసి, తేడా ఉంటే అడగండి.

నాలుగోది మా తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు. దీనికి డబ్బు అక్కర్లేదు. పిల్ల దడగా ఉందంటే నవ్వకండి. మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. అంకె ఎక్కువొచ్చినా, అందకపోయినా ఆసుపత్రికి బయలుదేరండి. లెక్కల మాస్టార్లం అయి ఉండీ ఈ చిన్న లెక్క రెండేళ్ళ పాటు మేము చేయలేదు. ఇంకెవరూ అలా చేయకూడదనే ఈ మాటలన్నీ.

అల్లాహ్ మనందరి దానాలను స్వీకరించుగాక. రోగంతో ఉన్నవారికి షిఫా ప్రసాదించుగాక. మొదటి అడుగుతోపాటు రెండో అడుగు కూడా వేసే ఓపిక మనకు ఇవ్వుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుం వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.